రాత్రి డ్యూటీకి కొత్తగా వచ్చిన చెంగల్రాయుడికి

చెంగల్రాయా, ఇట్ల కుర్చీ లాక్కో.
నాజిల్ పట్టుకునేది, మీటరు చూసేది
అవన్నీ పొద్దున దొరస్వామన్న చెప్పుంటాడు.
నేను చెప్పేది వేరే. ఆయన చెప్పలేనిది.

పనపాకం దాటినాక ఈ రోడ్డుమింద
రాత్రి ఒంటిగంటకి మన లైటొకటే వెలుగు.
పురుగులకి తెలుసు ఆ సంగతి.
మనుషులకీ తెలుసు.

వాళ్ళు దొంగల మాదిరి రారబ్బా.
రొండు వందలకి కొట్టమంటారు.
ఒకడు బాత్రూము యాడని అడగతాడు,
ఇంకొకడు హెల్మెట్టు తియ్యడు.
ఎండాకాలం రాత్రి హెల్మెట్టు తియ్యనోణ్ణి
కొంచిం గుర్తుపెట్టుకో. అంతే. ఉరిమి చూడాకు.

కత్తి కనపడినాక
నీ చేతులు వాడికి కనపడాల.
జోబులో చెయ్యి పెట్టొద్దు, బీడీకైనా సరే.
డ్రాయరు తీసేముందు నోటితో చెప్పి తియ్యి:
"అన్నా, తీస్తాండా. బీగం బెల్టుకుండాది."
అన్నా అనేదానికి సిగ్గుపడొద్దు.
రోజుకి మున్నూరు మందిని అంటాము,
వీడొకడు ఎక్కువ.

వాడి కండ్లలోకి చూడాకు. చెప్పులు చూడు.
నేను చూసినాను: ఎడమ చెప్పుకి పిన్నీసు.
కత్తి వణకతాండాది.
వణికే కత్తికే ఎక్కువ భయపడాల నాయనా,
దానికి యాడ ఆగాల్నో తెలీదు.

దొరస్వామన్న సంగతి చెప్తా.
మూడేండ్ల కింద, ఇదే కుర్చీ.
సంచిలో పదకొండు వేల నాన్నూరు.
"నా డ్యూటీలో పోతే నా మొగాన ఉమ్మేస్తారు" అని
మచ్చుకత్తిని ఒట్టి చేత్తో పట్టుకున్నాడు.
డబ్బు నిలబడింది.
ఓనరు శాలువా కప్పినాడు, ఫోటో తీసినారు,
ఆ ఫోటోలో కుడిచెయ్యి శాలువా కింద ఉండాది.
ఇప్పుడు గాలి కొట్టే దగ్గర పెట్టినారు ఆయన్ని.
సంగటి ముద్ద విరిచేదానికి వేళ్ళు మడవవు.
స్పూను తెచ్చుకుంటాడు, అదీ మనకి కనపడకుండా
ట్యాంకరు వెనక కూర్చోని తింటాడు.

నా వంతు పోయినేడు ఆషాఢంలో వచ్చింది.
ఇచ్చేసినాను.
సంచి, బీగాలు, అడిగినాడని నా సెల్లు గూడా.
బండి మలుపు తిరిగినాక తలుపేసి గొళ్ళెం పెట్టి
ఆఫీసు ఫోన్లో నూటపన్నెండు కొట్టినాను.
తరిమేదానికి పోలేదు. నంబరు సగమే చూసినాను,
ఆ సగమే చెప్పినాను, మిగతాది కల్పించలేదు.

పొద్దున ఓనరు అడిగినాడు:
"అంత సులువుగా ఎట్ల ఇచ్చినావు మునెయ్యా?"
జవాబు ఆపొద్దు నాకు తోచలా.
తోచింది నాలుగు దినాల తర్వాత, బస్సులో:
డబ్బుకి ఇన్సూరెన్సు కాగితం ఉండాది సార్,
ఆ కాగితంలో నా పేరు వెతికినాను, లేదు.
చెప్పలేదులే. జీతం అప్పటికే లేటు.

ఇంకోటి. ఇది ఎవురూ చెప్పరు.
వాళ్ళు పోయినాక మోకాళ్ళు నీ మాట వినవు.
విననియ్. కిందనే కూర్చో.
ఇంటికాడ మా ఆడామె టీ ఇస్తే
గ్లాసు పండ్లకి తగిలి టకటకా కొట్టుకునింది.
ఆమె ఏం అడగలా.
గ్లాసు కింద చెయ్యి పెట్టి పట్టుకునింది.
నెల దాకా హెల్మెట్టు చూస్తే నాకు ఉచ్చొచ్చేది.
నవ్వుకో. నవ్వు పర్వాలేదు.

దొరస్వామన్నకి నామింద కోపమని
అందరూ అంటారు. నిజమే ఉండొచ్చు.
ఆయన చెయ్యి పోగొట్టుకోని నిలబెట్టిన దాన్ని
నేను రొండు నిమిషాల్లో ఇచ్చేస్తి.
కానీ నువ్వు చేరిన దినం ఆయనే వచ్చి
"మునెయ్యా, ఆ పిల్లోడికి నువ్వు చెప్పు" అన్నాడు.
ఏం చెప్పాలన్నా అంటే
చెయ్యి చూపించినాడు.

అదో, లైట్లు.
బైకు. ఇద్దరు.
హెల్మెట్టు...
తీసినాడు. పెద్దాయన. వెనక ఆమె,
ఒళ్ళో పూలగంప, తిరుపతి మార్కెట్టుకి.
పో.
సున్నా చూపించి కొట్టు.